77 ఏళ్లు ఆగిన వైవా: ఇంగెబోర్గ్ రాపోపోర్ట్ డాక్టరేట్ వెనక సంగతి

"102 ఏళ్ల యూదు మహిళకు జర్మనీలో పీహెచ్‌డీ ఇచ్చారని వాట్సాప్‌లో ఫొటో తిరుగుతోంది, నిజమేనా? అది గౌరవ డాక్టరేటేనా? హిట్లర్ 1933లోనే వచ్చాడు కదా, మరి ఆవిడ 1937 దాకా మెడిసిన్ ఎలా చదివారు? ఇదంతా యూనివర్సిటీ పబ్లిసిటీ స్టంట్ కాదా?" అని ఒకరు అడిగారు.

నేను పిల్లల డాక్టర్ని. చాలా ఏళ్లు పీజీలకు థీసిస్ గైడ్‌గా, వేరే కాలేజీలకు ఎగ్జామినర్‌గా ఉన్నాను. తీరిక దొరికితే వైద్యచరిత్ర చదవడం అలవాటు. అందుకే ఈవిడ సంగతి కాస్త ఎక్కువే తెలుసు. పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు ఫొటో సంగతి. నిజమే. ఆవిడ పేరు ఇంగెబోర్గ్ రాపోపోర్ట్, పుట్టింటి పేరు సిల్మ్. 2015 జూన్ 9న హాంబర్గ్ యూనివర్సిటీ ఆవిడ చేతికి డాక్టరేట్ పట్టా ఇచ్చింది. అప్పటికి వయసు 102. కానీ ఆ ఫార్వర్డ్ రాసినవాళ్లు పీహెచ్‌డీ అనేశారు. అది వైద్యంలో ఇచ్చే డాక్టరేట్. గౌరవ డాక్టరేట్ అసలే కాదు. ఆవిడ థీసిస్ రాశారు, వైవా (నోటితో అడిగే పరీక్ష) ఇచ్చారు, పాసయ్యారు. ఇక "యూదు మహిళ" అన్నది సగం నిజం. ఆ మిగతా సగంలోనే మీ మూడో ప్రశ్నకు జవాబు ఉంది.

ఇంగెబోర్గ్ 1912 సెప్టెంబర్ 2న ఆఫ్రికాలోని కామెరూన్‌లో, క్రిబి అనే ఊళ్లో పుట్టారు. అప్పుడది జర్మనీ వలస రాజ్యం, తండ్రి అక్కడ వ్యాపారం చేసేవారు. పుట్టిన కొన్నాళ్లకే కుటుంబం హాంబర్గ్ చేరింది. తల్లి పియానో విద్వాంసురాలు. ఆమెది యూదు వంశం, కానీ పిల్లను పెంచింది ప్రొటెస్టెంట్ క్రైస్తవురాలిగా. చర్చి, బైబిలు, క్రిస్మస్ చెట్టు, అన్నీ అందరింట్లో లాగానే. 1935 సెప్టెంబర్‌లో న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాక నువ్వు ఏ దేవుడికి దణ్ణం పెడతావన్నది ఎవరికీ అక్కర్లేకపోయింది. తాత, నాన్నమ్మ, తాతయ్య, అమ్మమ్మ, ఈ నలుగురిలో యూదులు ఎందరన్నదే లెక్క. ముగ్గురుంటే యూదు కింద జమ. ఇద్దరుంటే, ఇంకో నాలుగైదు షరతులు చూసి, "మొదటి శ్రేణి మిశ్రమ రక్తం". ఇంగెబోర్గ్ ఈ రెండో పద్దులోకి వచ్చారు. అందుకే ఆవిడను యూదు మతస్థురాలు అనడం తప్పు. యూదు అన్న ముద్ర వేసి బతుకు తలకిందులు చేశారనడం మాత్రం అక్షరాలా నిజం.

ఇప్పుడు 1937 దాకా ఎలా చదివారన్న ప్రశ్న. హిట్లర్ రాగానే యూదు విద్యార్థులందర్నీ ఒక్కరోజులో గేటు బయట నిలబెట్టారని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. 1933 జనవరి 30న అతను జర్మనీ చాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) అయ్యాడు. ఏప్రిల్ 7న యూదుల్ని కొలువుల్లోంచి తీసేసే ప్రభుత్వోద్యోగుల చట్టం వచ్చింది. దాంతో ముందు పోయింది పాఠం చెప్పేవాళ్లు. ఒక్క హాంబర్గ్‌లోనే తత్వశాస్త్రంలో ఎర్నెస్ట్ కసీరర్, కళాచరిత్రలో ఎర్విన్ పానోఫ్‌స్కీ, మనస్తత్వశాస్త్రంలో విలియం స్టెర్న్ లాంటి పెద్ద తలకాయల కుర్చీలు పోయాయి. కసీరర్ అంతకు మూడేళ్ల ముందే ఆ యూనివర్సిటీకి రెక్టర్‌గా, అంటే మన వైస్ చాన్సలర్ లాంటి పదవిలో, చేసినాయన.

విద్యార్థుల వంతు ఏప్రిల్ 25న వచ్చింది. ఆ చట్టం పేరు చూడండి: "జర్మన్ పాఠశాలల్లో, ఉన్నత విద్యాలయాల్లో రద్దీ నివారణ చట్టం". ఏదో బస్సులో జనం ఎక్కువైతే దింపుతున్నట్టు! కొత్తగా చేర్చుకునేవాళ్లలో యూదులు నూటికి ఒకటిన్నర మించకూడదు. మొత్తం విద్యార్థుల్లో అయిదు శాతం దాటకూడదు. మొదటి ప్రపంచయుద్ధంలో ముందు వరసలో పోరాడినవాళ్ల పిల్లలకు మినహాయింపు. అమ్మానాన్నల్లో ఒకరు "ఆర్యులు" (నాజీల మాటలో యూదు రక్తం లేనివాళ్లు) అయితే వాళ్లకూ మినహాయింపు. అంటే ఇంగెబోర్గ్ లాంటివాళ్లు ఆ కోటా లెక్కలోకే రాలేదు. చాలా ఇళ్లలో "మనకేం కాదులే" అనుకుని ఊపిరి పీల్చుకున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం.

ఆడపిల్లకు ఇంకో తలనొప్పి. 1934లో కొత్తగా యూనివర్సిటీల్లో చేరేవాళ్లు దేశం మొత్తం మీద 15,000 మందే ఉండాలి, వాళ్లలో అమ్మాయిలు పది శాతం మించకూడదని 1933 డిసెంబర్‌లో ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. ఇది యూదులకే కాదు, అందరికీ. అది ఎక్కువ కాలం నిలవలేదు. డాక్టర్లు, టీచర్లు చాలక వాళ్లే వెనక్కి తగ్గారు. కానీ ఆ ఏడాది స్కూలు చదువు ముగించిన యూదు అమ్మాయి పరిస్థితి ఊహించండి. ఆడపిల్లగా ఒక జల్లెడ, యూదుగా ఇంకో జల్లెడ.

అప్పటికే లోపల ఉన్నవాళ్లను చదువుకోనిచ్చారు. క్లాసుల్లో కూర్చోనిచ్చారు, ఫీజులు కట్టించుకున్నారు. మూసింది బయటికెళ్లే తలుపుల్ని. 1935 ఫిబ్రవరిలో వైద్య పరీక్షల నిబంధనలు మార్చి, డాక్టర్ కావాలంటే ఆర్య వంశ రుజువు కావాలన్నారు. 1937 ఏప్రిల్ 15న జర్మన్ పౌరులైన యూదులు డాక్టరేట్ పరీక్షకు కూర్చోకూడదని ఉత్తర్వు వచ్చింది. 1938 సెప్టెంబర్ చివరికి యూదు డాక్టర్ల లైసెన్సులన్నీ రద్దు. ఆ నవంబర్‌లో ప్రార్థనాలయాలు తగలబెట్టాక, డిసెంబర్ 8న, ఇంక ఒక్క యూదు విద్యార్థి కూడా జర్మన్ యూనివర్సిటీలో అడుగు పెట్టకూడదని తేల్చేశారు. అప్పటికి మిగిలినవాళ్లే చాలా తక్కువ. తరిమేయడం అన్నది అయిదున్నరేళ్ల పాటు ఒక్కో సర్క్యులర్ చొప్పున జరిగింది. ప్రతి సర్క్యులర్‌కూ ఒక గుమాస్తా, ఒక డీన్, ఒక ముద్ర. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. గోల లేదు, కేకలు లేవు, అంతా ఆఫీసు పని.

ఇంగెబోర్గ్ ఆ సందులోంచే నెట్టుకొచ్చారు. 1937లో హాంబర్గ్‌లో స్టేట్ ఎగ్జామ్ (వైద్యం చదువు చివర ప్రభుత్వం పెట్టే పరీక్ష) పాసయ్యారు. ఆవిడ పరీక్ష పత్రానికి అంచున పసుపుపచ్చ గీత ఒకటి ఉండేది. ఈ అభ్యర్థి వంశం వేరు అని చూడగానే తెలియడానికి. జవాబులు దిద్దే మనిషి మొదటి లైను చదవకముందే ఆ గీత చూస్తాడు. ఎగ్జామినర్‌గా కూర్చున్న నాకు దాని బరువు బాగా అర్థమవుతుంది. మన దగ్గర ఆన్సర్ షీట్ మీద పేరు కనపడకుండా కోడ్ నంబర్ వేసేది ఎందుకు మరి?

తర్వాత హాంబర్గ్‌లోని యూదు ఆస్పత్రిలో అసిస్టెంట్‌గా చేస్తూ థీసిస్ పూర్తి చేశారు. ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మన దగ్గర ఎంబీబీఎస్ అయితే చాలు, పేరు ముందు డాక్టర్ అని బోర్డు కట్టేస్తాం. జర్మనీలో అలా కుదరదు. స్టేట్ ఎగ్జామ్, లైసెన్సు ఒక దారి. డాక్టర్ అన్న బిరుదు వేరే దారి, దానికి థీసిస్ రాసి, వైవా నెగ్గాలి. ఆ బిరుదు లేకపోతే పెద్ద ఆస్పత్రిలో పైకి రావడం, యూనివర్సిటీలో పాఠం చెప్పడం, ఏదీ సాగదు. "స్టేట్ ఎగ్జామ్ పాసయ్యారుగా, ఇంక పోయిందేముంది" అని అడిగేవాళ్లుంటారు, అందుకని చెప్తున్నా. పోయింది ముందున్న దారి మొత్తం.

థీసిస్ దేనిమీదో తెలిస్తే మన పిల్లల డాక్టర్లకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. డిఫ్తీరియా. టీకా కార్డుల మీద కంఠసర్పి అని ఉండేది అదే. దానివల్ల వచ్చే పక్షవాత లక్షణాల మీద ఆవిడ పని చేశారు. ఇప్పటి పీజీలు చాలామంది ఈ జబ్బును పుస్తకంలోనే చూసి ఉంటారు. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్లో, అదే మన పెద్దవాళ్లు కోరంటి దవాఖానా అనేది, అక్కడ పనిచేసినవాళ్లను అడగండి, చెప్తారు. గొంతులో బూడిద రంగు పొర పడుతుంది, గీకితే రక్తం వస్తుంది. మెడ వాచి ఎద్దు మెడలా అవుతుంది. ఆ దశ దాటి పిల్లాడు కోలుకున్నాడని ఇంటికి పంపితే, రెండు మూడు వారాలకు తల్లి మళ్లీ ఎత్తుకొస్తుంది. "పాలు తాగిస్తే ముక్కులోంచి వస్తున్నాయండీ, మాట కూడా ముక్కుతో మాట్లాడుతున్నాడు" అంటుంది. కొండనాలుక దగ్గరి కండరాలు పడిపోయాయన్నమాట. ఇంకొన్నాళ్లకు దగ్గరి అక్షరాలు ఆనవు. ఆ తర్వాత కాళ్లు చేతులు సన్నగిల్లుతాయి. క్రిమి గొంతులోనే ఉంటుంది, అది వదిలిన విషం మాత్రం రక్తంలో కలిసి నరాలనూ గుండెనూ పట్టుకుంటుంది. గుండెను పట్టుకుంటే కోలుకుంటున్నాడనుకున్న పిల్లాడే ఉన్నట్టుండి పోతాడు. నరాలదైతే ఓపిగ్గా కాపాడుకుంటే చాలావరకు పూర్తిగా తగ్గుతుంది. 1930ల్లో జర్మనీ ఆస్పత్రుల్లో ఇవి రోజూ చూసే కేసులు. పాతికేళ్ల అమ్మాయి దానిమీద రాసిందంటే పేరుకోసం రాసిన థీసిస్ కాదది.

గైడ్ రుడోల్ఫ్ డెగ్‌క్విట్జ్, హాంబర్గ్ పిల్లల ఆస్పత్రి ప్రొఫెసర్. ఆయన థీసిస్ చదివారు, బాగుందన్నారు. 1938 ఆగస్టులో ఒక కాగితం రాసి ఇచ్చారు. దాని సారాంశం ఇది: ఈ పనిని నేను డాక్టరేట్ థీసిస్‌గా స్వీకరించి ఉండేవాణ్ణి, కానీ ఇప్పుడు అమల్లో ఉన్న చట్టాల ప్రకారం ఫ్రాయ్‌లైన్ (కుమారి) సిల్మ్‌కు ఆమె వంశం కారణంగా డాక్టరేట్‌కు అనుమతి లేదు. వైవా జరగలేదు. అక్కడితో అయిపోయింది.

ఆ కాగితం దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. గైడ్‌గా ఆలోచిస్తే రెండు రకాలుగా అనిపిస్తుంది. ఒకటి, ఆ రోజుల్లో "అర్హత ఉంది, చట్టమే అడ్డం" అని సంతకం పెట్టి ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ ముక్క లేకపోతే 2015లో పట్టుకోవడానికి ఆధారమే ఉండేది కాదు. రెండు, అది చక్కగా టైపు చేయించిన నిస్సహాయత. అమ్మాయి చేతిలో ఆ కాగితం పెట్టి, ఆయన మర్నాడు యథాప్రకారం రౌండ్స్‌కు వెళ్లి ఉంటారు. డెగ్‌క్విట్జ్ మనిషి కూడా అంత తేలిగ్గా అర్థమయ్యే రకం కాదు. 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటులో పాల్గొన్న తొలితరం నాజీ ఆయన. తర్వాత ఎదురు తిరిగాడు. అంగవైకల్యం ఉన్న పిల్లల్ని చంపే కార్యక్రమాన్ని తిట్టాడు. 1944లో నాజీల "ప్రజా న్యాయస్థానం" ఏడేళ్ల జైలు వేసింది. ఇలాంటి మనిషిని ఏ గాటన కట్టాలో నాకు తెలియదు. కట్టకపోతే వచ్చే నష్టం కూడా లేదు. ఇంగెబోర్గ్ మాత్రం ఆ కాగితాన్ని పారేయలేదు.

ఆ కాగితం వచ్చిన 1938లోనే ఆవిడ ఒంటరిగా అమెరికా వెళ్లిపోయారు. చేతిలో డబ్బు అంతంతే. బ్రూక్లిన్, బాల్టిమోర్, ఆక్రన్, ఇలా ఊరూరా ఆస్పత్రుల్లో ట్రైనీగా చేశారు. అక్కడ డాక్టర్‌గా నిలబడాలంటే ఇంకో రెండేళ్లు మెడికల్ కాలేజీలో చదవాలన్నారు. 48 కాలేజీలకు అప్లికేషన్లు పెడితే 47 కాదన్నాయి. విదేశీ, ఆడమనిషి, కాందిశీకురాలు. అప్పట్లో అమెరికా మెడికల్ కాలేజీల్లో కూడా యూదులకు లోపాయికారీ కోటాలు ఉండేవి. దుర్మార్గమంతా సముద్రానికి అవతలి ఒడ్డునే ఉందనుకోవద్దు.

సీటిచ్చిన ఆ ఒక్క కాలేజీ ఫిలడెల్ఫియాలోని వుమన్స్ మెడికల్ కాలేజ్ ఆఫ్ పెన్సిల్వేనియా. గుంటూరు వాళ్లు కాస్త ఆగండి. కుగ్లర్ హాస్పిటల్ తెలుసుగా? ఆ డాక్టరమ్మ అన్నా సారా కుగ్లర్ 1879లో పట్టా తీసుకుంది ఈ కాలేజీలోనే. 1883లో గుంటూరు వచ్చి, ఘోషా ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆస్పత్రి తెరిచారు. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి 1886లో డాక్టరైందీ ఇక్కడే. వేరేచోట తలుపు తెరవని ఆడవాళ్లకు ఆ కాలేజీ 1850 నుంచీ సీటిస్తూ వచ్చింది. గుంటూరులో పురుళ్లు పోసిన డాక్టరమ్మకూ, హాంబర్గ్ గెంటేసిన ఈవిడకూ ఒకే కాలేజీ అని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంగెబోర్గ్‌కు 1940లో అక్కడ ఎండీ వచ్చింది.

ఆ తర్వాతి యాభై ఏళ్లు గబగబా చెప్పేస్తాను, అదొక వేరే పుస్తకం అవుతుంది. సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో చేరారు. అక్కడ సామ్యుయెల్ మిత్యా రాపోపోర్ట్ పరిచయం. ఆయన వియన్నా నుంచి వచ్చిన యూదు బయోకెమిస్ట్. ఎర్రకణాల మీద పనిచేసి, యుద్ధకాలంలో రక్తాన్ని ఎక్కువ రోజులు నిల్వ ఉంచే పద్ధతిని మెరుగుపరిచినాయన. అందుకు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నుంచి ప్రశంసాపత్రం కూడా అందుకున్నారు. 1946లో పెళ్లి, తర్వాత నలుగురు పిల్లలు. ఇద్దరూ కమ్యూనిస్టులు. అమెరికాలో కమ్యూనిస్టుల్ని వెతికి వేటాడిన మెకార్తీ కాలంలో అదే నేరమైంది. 1950లో స్విట్జర్లాండ్‌లో ఒక వైద్య సదస్సుకు వెళ్లిన ఆయన తిరిగి వెళ్లలేదు. కడుపుతో ఉన్న ఆవిడ పిల్లల్ని వెంటేసుకుని యూరప్ చేరారు. వియన్నాలో ఉద్యోగం దొరకనివ్వలేదు. 1952లో కమ్యూనిస్టు తూర్పు జర్మనీలోని తూర్పు బెర్లిన్ పిలిచింది, వెళ్లారు. ఒక్క జీవితంలో రెండు దేశాల నుంచి, ఒకచోట రక్తం పేరుతో, ఇంకోచోట రాజకీయం పేరుతో.

బెర్లిన్ షారిటే ఆస్పత్రిలో ఆవిడ అప్పుడే పుట్టిన పిల్లల వైద్యాన్ని ఒక ప్రత్యేక విభాగంగా నిలబెట్టారు. 1969లో ఆ సబ్జెక్టుకు జర్మనీలోనే మొట్టమొదటి ప్రొఫెసర్ పీఠం ఆవిడకు దక్కింది. యూరప్‌లోనే మొదటిదని కూడా చెబుతారు. మన ఎన్ఐసీయూల్లో (నవజాత శిశువుల ఐసీయూల్లో) ఇవాళ చేసే పనికి అక్కడ పునాది వేసినవాళ్లలో ఆవిడ ఒకరు. 1973లో రిటైరయ్యారు. చివరిదాకా తూర్పు జర్మనీ ఆరోగ్య వ్యవస్థను వెనకేసుకొచ్చారు. బెర్లిన్ గోడ కట్టి జనాన్ని లోపల ఉంచిన ప్రభుత్వాన్ని ఈవిడ ఎలా సమర్థించారని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నాకూ ఆ విషయంలో ఆవిడతో ఏకీభావం లేదు. అయితే ఆవిడకు చదువు దక్కాలా వద్దా అన్నదానికి ఆవిడ రాజకీయాలతో పనిలేదు.

ఇక 2015. అప్పటికి ఆవిడ రిటైర్డ్ ప్రొఫెసర్, అవార్డులు వచ్చాయి, మనవలు పెద్దవాళ్లయ్యారు. ఆ పట్టాతో ఆవిడకు వచ్చే ఇంక్రిమెంటు లేదు. పెద్దబ్బాయి టామ్ రాపోపోర్ట్ హార్వర్డ్‌లో పేరున్న కణ జీవశాస్త్రవేత్త. ఆయన ద్వారా ఈ పాత సంగతి హాంబర్గ్ మెడికల్ ఫ్యాకల్టీ డీన్ ఊవే కోఖ్-గ్రోముస్ చెవిన పడింది. డీన్ కదిలారు. చిక్కేమిటంటే, అసలు థీసిస్ ప్రతి ఎక్కడా దొరకలేదు. వైవా ఎలాగూ జరగలేదు. ఇలాంటప్పుడు ఏ యూనివర్సిటీకైనా సులువైన దారి ఒకటుంది: గౌరవ డాక్టరేట్ ఇచ్చి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపించడం. మనకు ఆ తంతు బాగా అలవాటే. ఇక్కడ అలా చేయలేదు. పరీక్ష పెట్టారు, ఆవిడ వైవా ఇవ్వడానికి సిద్ధపడ్డారు.

ఆలోచించండి, 1938లో ఆపేసిన సబ్జెక్టులో 2015లో వైవా. ఈ మధ్యలో డిఫ్తీరియా గురించి తెలిసింది అంతా ఇంతా కాదు. అసలు విషం తయారుచేసే శక్తి ఆ బాక్టీరియాకు ఒక వైరస్ సోకితేనే వస్తుందని 1951లో ఫ్రీమన్ చూపించాడు. ఆ విషం కణంలోకి వెళ్లి ప్రోటీన్ల తయారీని ఎక్కడ ఆపుతుందో 1960ల చివర్లో తేలింది. 1990ల్లో సోవియట్ యూనియన్ విడిపోయాక టీకాలు సరిగ్గా పడక ఆ దేశాల్లో లక్షన్నరకు పైగా కేసులొచ్చాయి. ఇవన్నీ చదవాలి. ఆవిడకేమో చూపు దాదాపు పోయింది. తెలిసినవాళ్లు ఇంటర్నెట్‌లో వెతికి, ఫోన్‌లో చదివి వినిపిస్తే, విని గుర్తుపెట్టుకున్నారు. నోట్సు తిరగేసుకోవడానికి లేదు, అండర్‌లైన్ చేసుకోవడానికి లేదు. థీసిస్ డేట్ పోస్ట్‌పోన్ చేయించమని నా రూమ్ బయట నిలబడే పీజీలకు ఈ ముక్క చాలాసార్లు చెప్పాను. పెద్దగా పనిచేయలేదనుకోండి.

మే 13న హాంబర్గ్ నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు బెర్లిన్‌లో పాంకో ప్రాంతంలోని ఆవిడ ఇంటికి వచ్చారు. వైవా హాలు, ఆవిడ ఇంట్లో ముందు గది. 45 నిమిషాలు ప్రశ్నలు. అప్పటి పని గురించి అడిగారు, ఆ తర్వాత సైన్సు ఎక్కడికొచ్చిందో అడిగారు. టెన్షన్ పడ్డానని ఆవిడే తర్వాత విలేకరులకు చెప్పారు. మాగ్నా కుమ్ లౌదే, అంటే చాలా మంచి శ్రేణిలో, పాస్ చేశారు. ఇది తనకోసం కాదని, నాజీల అన్యాయానికి బలైన అందరి తరఫున అని ఆవిడ అన్నారు. 2017 మార్చి 23న, 104 ఏళ్ల వయసులో పోయారు.

ఇంత చదివాక చాలామందికి మనసు తేలికపడుతుంది, ఫార్వర్డ్ అంతగా తిరగడానికి కారణం కూడా అదే. ఇక్కడే నాకు కాస్త చిరాకు. ఈవిడ కథ మినహాయింపు. అదే హాంబర్గ్ యూనివర్సిటీలో మొట్టమొదటి మహిళా ప్రొఫెసర్ ఆగాతె లాష్, పాత జర్మన్ భాషల్లో పెద్ద పండితురాలు. ఆమె యూదు. 1934లో ఉద్యోగం తీసేశారు. 1942 ఆగస్టులో రైలెక్కించి లాత్వియాలోని రీగాకు పంపారు, అక్కడ చంపేశారు. ఆమె దగ్గర చదువుకోవాల్సినవాళ్ల చదువు కూడా అక్కడితో ఆగిందని లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఏ రికార్డులోనూ ఉండదు.

విద్యార్థినుల్లో ఎవరినైనా చెప్పమంటే, జర్మనీ దాటి పారిస్ వెళ్లాలి. ఎలెన్ బెర్ 1921లో పుట్టింది, అక్కడి సోర్బాన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివింది. ఫ్రాన్స్‌లో కాలేజీ, లిసే (హైస్కూలు) ఉపాధ్యాయులు కావాలంటే అగ్రెగాసియోన్ అనే పోటీ పరీక్ష రాయాలి, మన యూజీసీ నెట్ లాంటిదనుకోండి, దానికన్నా కష్టం. 1940 అక్టోబర్‌లో జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం యూదులు పాఠాలు చెప్పకూడదని చట్టం చేసింది. పాఠం చెప్పే హక్కు లేనివాళ్లకు ఆ పరీక్ష ఎందుకని అదీ మూసేశారు. 1941 జూన్‌లో యూదు విద్యార్థులకు మూడు శాతం కోటా పెట్టారు. గమనించారా, అదే పద్ధతి, దేశం మాత్రమే వేరు. ఆమె అగ్రెగాసియోన్ వదిలేసి ఇంగ్లిష్ కవి కీట్స్ మీద పరిశోధన మొదలుపెట్టింది. సోర్బాన్ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే పని చేసింది. 1942 జూన్‌లో యూదులకు పసుపుపచ్చ నక్షత్రం గుర్తు తప్పనిసరి చేశాక, దాన్ని కోటు మీద కుట్టుకుని మరీ క్లాసుకు వెళ్లింది. తోటివాళ్ల చూపులు ఎలా ఉండేవో డైరీలో రాసుకుంది. ఆ డైరీ వల్లే మనకు ఆమె తెలుసు. తల్లిదండ్రులు దొరక్క ఒంటరైన యూదు పిల్లల్ని కాపాడే పనిలో దిగింది. 1944 మార్చి 8న అరెస్టు చేశారు. మార్చి 27న, సరిగ్గా ఆమె 23వ పుట్టినరోజున, నాజీల ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి రైలెక్కించారు. తర్వాత బెర్గెన్-బెల్సెన్‌కు మార్చారు. 1945 ఏప్రిల్‌లో, బ్రిటిష్ సైన్యం ఆ క్యాంపుకు చేరడానికి కొద్దిరోజుల ముందు చనిపోయింది. కీట్స్ మీద థీసిస్ లేదు, వైవా లేదు, ఆపి ఇచ్చిన ఉత్తరం కూడా లేదు.

చివరి ప్రశ్న, ఇది యూనివర్సిటీ పబ్లిసిటీయా అని. కొంత పబ్లిసిటీ ఉంది, కాదనను. కెమెరాలు పిలిచారు, ప్రపంచమంతా వార్త వచ్చింది, హాంబర్గ్ పేరు మోగింది. 1945 నుంచి 2015 వరకు ఎవరూ ఎందుకు గుర్తు చేసుకోలేదన్నదానికి వాళ్ల దగ్గర మంచి జవాబు ఉందని నేను అనుకోను. ఆవిడ తూర్పు జర్మనీలో ఉన్నది ఒక సాకు అవుతుందేమో, అది కూడా రెండు జర్మనీలు కలిసిన 1990 దాకానే. కానీ పని చేసిన తీరు వరకు చూస్తే, ఒక్క మార్కు కూడా ఉచితంగా వేయలేదు. ఆవిడ అడిగింది కూడా అదే. జాలి కింద ఇచ్చే పట్టా అయితే డెగ్‌క్విట్జ్ ఇచ్చిన కాగితం కన్నా ఎక్కువేం కాదు. నేను ఆ ముగ్గురు ఎగ్జామినర్లలో ఒకణ్ణయి ఉంటే, నల్లకుంటలో చూసిన ముక్కుతో మాట్లాడే పిల్లాడి కేసు పెట్టి, "ఈ పక్షవాతం ఏ వారంలో మొదలవుతుంది, ఎందుకు ముందు గొంతులోనే?" అని అడిగేవాణ్ణి. ఆవిడ చెప్పగలిగి ఉండేవారనే నా నమ్మకం.